పోయినవీ దొరికినవీ

ఏప్రిల్ ఇరవై మూడు. ఇవాళ్టితో బడి సరి.
గేటు దగ్గర వాచ్‌మన్ యాకూబ్
ఒక్కో స్కూటర్‌నీ నోరు విప్పకుండా తిడుతున్నాడు.
ప్రోగ్రెస్ కార్డుల కోసం వచ్చిన అమ్మానాన్నలు
నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నారు.
లాలాగూడ వర్క్‌షాప్ సైరన్ కూసి చాలాసేపైంది.

మేరీమాత గుహ పక్కన, తురాయి చెట్టు కింద
ఆయా ఇన్నమ్మ మూడు బెంచీలు కలిపి
ఏడాదంతా పిల్లలు పారేసుకున్నవన్నీ పరిచింది.
పక్కన కుర్చీలో నేను, తెలుగు టీచర్ని,
ఎవరేం పట్టుకెళ్ళారో రాసుకోవడానికి.

పదిహేడు నీళ్ల సీసాలు.
మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు,
ఒకదానికొకటి కుదరవు, రెండుసార్లు చూశాం.
కుడికాలి బూట్లు నాలుగు. ఎడమది ఒక్కటీ లేదు.
ఒంటికాలి మీద ఇంటికెళ్ళిన ఆ నలుగురూ ఎవరో
ఏ అమ్మా వచ్చి అడగలేదెందుకో!
చాక్‌పీసుల డబ్బాలో ఒక తావీజు, నీలిపూసల జపమాల,
దారం తెగిన ఆంజనేయుడి బిళ్ళ.
డబ్బా మీద ఇన్నమ్మ దస్తూరీ: "దేవునియి".

మూడో తరగతి మోక్షిత్, సీసా మీద తన పేరే ఉన్నా
"నాది కాదు" అంటాడు, నేల చూస్తూ.
ఈ ఏడాది మూడు కొన్నదట వాళ్లమ్మ.
నాలుగోది వాడి చంకలోనే ఉంది.
రాసుకున్నాను: మోక్షిత్, సీసా ఒకటి, ఒప్పుకోలేదు.

పరీక్షలు ముగించి ఎప్పుడో వెళ్ళిపోయిన పదో తరగతి
ఇవాళ మళ్ళీ వచ్చింది, ఒక తెల్లచొక్కా పట్టుకుని.
చొక్కాల మీద రాతలు కూడదని మార్చిలోనే సర్క్యులర్.
సిస్టర్ జెసింత కళ్లజోడు పైనుంచి చూసి,
పెన్ను అడిగి, కాలరు మడత లోపల
సెలవుచీటీ మీద చేసినట్టే చేసింది సంతకం,
కింద తారీఖు కూడా వేసి.

స్టాఫ్‌రూంలోంచి బగారన్నం వాసన.
పెరుగుచట్నీ తెస్తానన్న డెన్నిస్ సారు ఇంకా రాలేదు.

మరూన్ స్వెటర్ ఒకటి మిగిలింది.
మెడ వెనక తెల్లదారంతో కుట్టిన పేరు:
జోయెల్ రాజ్, నాలుగు బి.
వాళ్ల నాన్నకి కాజీపేట బదిలీ. ఫిబ్రవరిలోనే టీసీ ఇచ్చేశాం.
ఇన్నమ్మకి తెలుసు, ఆఫీసులోంచి ఆ కాగితం తెచ్చిందే ఆమె.
అయినా నిన్న ఉతికింది, మడత పెట్టింది,
"రైలే గద మేడం, గంటన్నర.
యాదికొస్తే వస్తడు" అంది.
చలికాలానికి వాడు పట్టడు ఇందులో.
ఆ మాట నేననలేదు.

నాకూ ఒకటి దొరికింది.
అట్ట ఊడిన తెలుగు కాపీ పుస్తకం, పేరు లేదు.
ఆగస్టులో నా ఎర్రసిరా, కాస్త కోపంగానే:
"ళ ఇలా కాదు. మళ్ళీ రాయి."
పేజీ తిప్పితే మళ్ళీ రాసుంది.
ఆ పేజీ అంతా. దాని వెనక పేజీ కూడా.
బళ్ళు, గుళ్ళు, కళ్ళు, నీళ్ళు, వేళ్ళు,
మొదట్లో తడబడి, పదో వరుసకి నిటారుగా నిలబడి.
దిద్దించుకోవడానికి తెస్తూనే పారేసుకున్నట్టుంది.
ఎనిమిది నెలలు అలమారా చీకట్లో
ఒక్క టిక్కు కోసం కూర్చున్నాయి ఆ అక్షరాలు.
పెన్ను తీశాను. ఎర్రది ఆరిపోయింది.
నీలంతోనే పెట్టాను, వరుసకొకటి.

మూడున్నరకి గేటు మూశారు.
డెన్నిస్ సారి చట్నీ వచ్చింది, అన్నం అయిపోయాక.
ఇన్నమ్మ సీసాల మూతలు విప్పుతోంది.
కొన్నిటి అడుగున ఇంకా నీళ్ళున్నాయి,
జూలైవో, క్రిస్మస్ ముందువో,
ఏ పిల్లవాడు సగం తాగి ఆటకి పరిగెత్తాడో.
వాసన చూసి మొహం చిట్లించి,
ఒక్కొక్కటీ తురాయి మొదట్లో ఒంపింది.

స్వెటర్ మాత్రం గోనెసంచిలోకి వెయ్యలేదు.
నేనూ రాసుకోలేదు.