నాలుగో వారం

బూడోలో జనవరి సూర్యుడు
మధ్యాహ్నం ఓసారి తొంగిచూసి పోతాడు.
వంటింటి నేల మీద, దీపం కింద
పదకొండేళ్ళ కాగితాలు పరిచాను.

ప్రతి వారం వెళ్ళేముందు వాళ్ళను నేనడిగేవి:
నిద్ర, ఇల్లు, పని, మొత్తం మీద ఎలా ఉంది.
అడ్డగీత మీద వాళ్ళు పెట్టిన చిన్న గాట్లు.
సగటు చూస్తే నేను మంచి వైద్యురాలినే.
సగటు మహా మర్యాదస్తురాలు,
ఎవరి పేరూ ఎత్తదు.

పేర్లు ఎత్తడానికే కూర్చున్నాను.
భయాలతో వచ్చినవాళ్ళు తడబడుతూనైనా మెట్లెక్కారు.
తాగుడు మానాలని వచ్చినవాళ్ళు
పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు,
వస్తూనే ఉన్నారు.
మనిషిని పోగొట్టుకుని వచ్చినవాళ్ళు మాత్రం
పంతొమ్మిదిమందిలో పద్నాలుగురు
నాలుగో వారం తర్వాత లేరు.
గీత అక్కడ వంగలేదు, విరగలేదు.
ఆగిపోయింది, అంతే.

"బాగుపడి ఉంటార్లే" అనుకుని
ఒక్కో ఫైలూ మూశాను.
పద్నాలుగుసార్లు అనుకున్నానని ఇప్పుడు తెలిసింది.

వాళ్ళు ఒప్పుకుంటే చేసిన రికార్డింగులు
మూడే మిగిలాయి. విన్నాను.
గొంతు పూడుకుపోతుంది, మాట తెగుతుంది,
వెంటనే బల్ల మీద అట్టపెట్టె జరిగిన చప్పుడు.
టిష్యూల పెట్టె.
ముగ్గురి దగ్గరా అదే చప్పుడు, అదే తొందర.
నోరేమో "పరవాలేదు, ఏడవండి" అంటోంది.
ఇంక చాలు అంటోంది చెయ్యి.

అన్న ట్రూల్స్ పడవ
ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఏడు
అమ్మ గిన్నెలు తోముతూ ఏడ్చేది.
నేను వెళ్ళి కుళాయి ఇంకొంచెం తిప్పేదాన్ని.
ఈ సంగతి ఏ కాగితమూ నన్నడగలేదు.

మంగళవారం ఐవిండ్ వచ్చాడు, ఫెర్రీ ఇంజిన్ల మెకానిక్.
భార్య పోయి ఆరునెలలు. నాలుగో వారం.
ఆమె ఉన్ని చేతితొడుగుల్లో ఒకటే దొరికిందని
మొదలుపెట్టి ఆగాడు.
పెట్టెను ముందే కిటికీ గట్టు మీద పెట్టేశాను.
అయినా చెయ్యి లేచింది.
తొడ కింద అదిమిపెట్టి కూర్చున్నాను, బడిపిల్లలా.
అతను చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు,
గ్రీజు మరక చెంపకంటింది.
చాలాసేపు.
గడియారం చూడలేదని అబద్ధమాడను.

వెళ్ళేముందు గాటు పెట్టాడు,
పోయిన వారం కంటే కిందికి.
నా మనసు చివుక్కుమంది. పాత అలవాటు.

ఐదో గడి ఖాళీగా ఉంది.
వచ్చే మంగళవారం పదిన్నరకి.
మంచుతుఫాను రావచ్చంటున్నారు రేడియోలో.