చెంజెరాయి బూట్లు

కంచరపాలెం గేటు దగ్గర, నా గొడుగు కింద
ముందు బూటు వచ్చి కూర్చునేది, మనిషి తరవాత.

పేరు చెంజెరాయి అన్నాడు.
"రాయా?" అన్నాను.
కాదట. వాళ్ళ భాషలో జాగ్రత్త అని అర్థమట.
పోర్టు స్టేడియం కుర్రాళ్ళకి అదేం తెలుసు,
బంతి అతని కాలికి చిక్కగానే
"రాయీ! రాయీ!" అని గోల.
అసలు అర్థం డిఫెండర్లకి తెలిసేది,
కాస్త ఆలస్యంగా.

సముద్రం లేని దేశం వాడు.
ముతారే కొండల్లో ప్లాస్టిక్ సంచులు చుట్టిన బంతి,
హరారేలో రెండేళ్ళు, జొహానెస్‌బర్గ్‌లో ఏడాదంతా బెంచీ,
గోవా, కలకత్తా,
మలప్పురంలో కోసిన వరిమళ్ళ మీద
లైట్ల కింద ఏడుగురి ఆట, ఆటకింత అని.
ఆ తరవాత మా ఊరు.
పాస్‌పోర్టులో ముప్పై ఒకటి.
మోకాలిని అడిగితే నలభై అంటుంది.

నేను ఒక్క ఆటా చూడలేదు.
సాయంత్రమే కదా నాకు బేరం.
అయినా బూటు అడుగు అన్నీ చెప్పేస్తుంది.
మొదటి ఏడు ఎడమదాని బయటి అంచు అరిగేది,
లోపలికి వస్తున్నట్టు నమ్మించి బయటికి తిరిగే చోటు.
రెండో ఏడు బొటనవేలి దగ్గర కుట్లు తెగేవి.
మూడో ఏడు రెండూ ఒకేలా అరిగాయి,
గుమాస్తా చెప్పుల్లా.
ఏమీ అనలేదు, దారానికి మైనం పట్టించాను.
అతను నా మొహమే చూస్తున్నాడు,
ఎక్స్‌రే పట్టుకున్న డాక్టరు మొహం చూసినట్టు.

కొట్టిన గోల్సు ఎన్నని అడిగితే చెప్పలేదు.
కొట్టలేని ఒక్కటి మాత్రం
నా చిల్లర డబ్బా గోలుపోస్టు చేసి ఆడి చూపించాడు.
గోలీ పడిపోయాడు, అంతా ఖాళీ,
లక్కముక్క డబ్బా పక్కనుంచి దొర్లిపోయింది.
ఇద్దరం నవ్వాం. అతను ముందు ఆపేశాడు.

నిన్న వచ్చి వేళ్ళతో తిప్పి చూపించాడు:
స్టడ్లు తీసెయ్యాలి.
గాజువాక బళ్ళో పీటీ మాస్టరట, సిమెంటు నేలట.
వచ్చీ రాని హిందీలో అంతే చెప్పాడు.

పన్నెండింటిలో పదకొండు ఊడాయి,
కొబ్బరి చిప్పలో గలగలమన్నాయి.
పన్నెండోది రాలేదు,
ఉప్పుగాలికి మర లోపలే తుప్పు.
కిరసనాయిలు పోశాను, పటకారు వేశాను,
ఓ బూతు కూడా తిట్టాను.
"రేపు రా బాబూ" అన్నాను.
చెయ్యి ఊపి తొడిగేసుకున్నాడు.

గేటు పడి ఉంది.
గూడ్సు ఇనుపరాయి మోసుకుని పోయేదాకా నిలబడి
పట్టాలు దాటాడు,
ఒక కాలు మెత్తగా,
ఒక కాలు టక్కుమంటూ.