ఆరాంఘర్, 4కె

జుమ్మేరాత్ బజార్ తుక్కులో దొరికింది బాలమల్లుకు
సముద్రాలు దాటిన బిజినెస్ క్లాస్ సీటు.
చేతి మీద ఇంకా చెరగని 4కె.
సందులో ఎవరిదో ముత్యం దుద్దు.

ట్రాలీ ఆటోలో పురానాపూల్ దాటించి
ఆరాంఘర్ సెలూన్‌లో బిగించాడు.
పూర్తిగా పడుకోదట,
కొంత వాలి ఆగిపోతుందట,
అందుకే విమానమోళ్లు పీకేశారట.

గడ్డానికి ఆ వాలు చాలు.

పేపర్లోంచి తలెత్తి ఒకాయన:
“మళ్లీ కొత్త సీట్లు ఏస్తరంట, అవసరమా?”
“ఏసుకోనీ సారూ, ఇంకో కుర్చీకి జాగుంది.”

రాత్రంతా శంషాబాద్‌లో పెట్టెలెత్తిన గఫార్
నురగ పూయకముందే గుర్రు.
కత్తి పక్కన పెట్టి
ఫ్యాను అటు తిప్పాడు బాలమల్లు.
బెంచీ మీది నలుగురూ గొంతు తగ్గించారు.

దుద్దు మాత్రం బ్లేడ్ల డబ్బాలో ఉంది,
ఎవరైనా అడుగుతారేమోనని.