అడుగు భాగం

ముందే చెప్పేస్తాను, ఆ యంత్రం నేను గీసిందే.
పదకొండు నెలలు, నాలుగు నమూనాలు.
ఊపిరందని పిల్లలకు
మందును మంచుపొగ చేసి ఇచ్చే డబ్బా.
తెల్లగా, గుండ్రంగా, ముందువైపు కుందేలు బొమ్మతో.
పిల్లలంటే కుందేలే కదా అనుకున్నాం
పెద్దవాళ్ళం, ఆరుగురం, కాఫీ తాగుతూ.

జనవరిలో ఉలాన్‌బాతర్ గాలిని
చాకుతో ముక్కలు కోయొచ్చు.
కొండవాలు గుడారాల్లో ప్రతి పొయ్యీ బొగ్గే తింటుంది.
బడిలో హాజరు పిలిస్తే
పేరుకో దగ్గు పలుకుతుంది.

ఆ బడికే వెళ్ళాం, డబ్బాలు మోసుకుని.
"ఇవాళ మీరే డిజైనర్లు" అన్నాను
చేతులు రుద్దుకుంటూ,
చలికి కొంత, అబద్ధానికి కొంత.
నిజానికి రంగు ఎంచుకోమనడానికే వెళ్ళాం.
నీలమా, పసుపా?
మా ప్రశ్నల కాగితంలో అంతకు మించి చోటు లేదు.

మిషీల్‌కి ఎనిమిదేళ్ళు, ముందు పళ్ళు రెండు లేవు.
స్విచ్ వేసి, చెవి ఆనించి,
"ఇది మొరుగుతోంది" అంది.
"మా తమ్ముడు దీని గొంతు వింటే పెట్టె వెనక దూరతాడు.
నేను పెద్దదాన్ని కాబట్టి దూరను. అంతే."
మరి కుందేలో? అన్నాను.
"మొరిగే కుందేలా!"
తరగతంతా నవ్వింది,
నవ్వి నవ్వి దగ్గింది.

ఇంకొకడు, నేను వద్దనేలోపే,
మాస్కు పట్టీ కత్తెరతో కత్తిరించేశాడు.
చెవుల వెనక ఎర్రటి ఒరుపులు చూపించాడు
సాక్ష్యం బల్ల మీద పెట్టే వకీలులా.
నా దగ్గర జవాబు లేదు. రాసుకున్నాను.

దోల్గోన్ మాత్రం బల్ల కింద ఉన్నాడు.
"వాడంతేనండీ, మాట్లాడడు" అంది టీచరు
క్షమాపణలాగా.
గంట కొట్టే వేళకి
కింద నుంచి ఒక కాగితం పైకి జరిగింది.

నాలుగు సున్నాలు, మూడు మరలు,
ఒక మూల ఊడిన స్టిక్కరు.
తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి చూశాను.
వంగాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను.
కోటు పాడవుతుందని తెలిసే
వాడి పక్కన వెల్లకిలా పడుకున్నాను.
వాడు డబ్బాను నా మొహం మీదుగా ఎత్తి పట్టుకున్నాడు.

అది నా యంత్రం అడుగు.
వీళ్ళ ఇంట్లో ప్లగ్గు పైకప్పు కర్రకే ఉందట,
డబ్బా అక్కడే తాడుకు వేలాడుతుందట.
బల్ల మీద పెడతారనుకున్నాం మేము.
వీళ్ళకు బల్ల ఉంటుందనుకున్నాం.
రాత్రంతా వాడు చూసే ఆకాశం
నేను ఒక్కసారి కూడా గీయని వైపు.

కాగితం మీద ఒక బాణం:
"దీపం అమ్మ కళ్ళలో పడుతోంది. వెనక్కి తిప్పు."
ఇంకో బాణం, మాస్కు నుంచి బయల్దేరే రెండో గొట్టం,
దాని చివర ఒక చెవి,
కజ్జికాయలా, అంచు మడతలతో సహా.
"నేను ఊపిరి తీస్తున్నానా లేదా అని
అమ్మ లేచి లేచి చూస్తుంది.
ఇదుంటే పడుకునే వింటుంది."

తనకోసం ఏమీ అడగలేదు వాడు.

దీపం వెనక్కి తిరిగింది. పట్టీ మెత్తబడింది.
మోటారుకు రబ్బరు వేస్తే మొరగడం పోయి
గుర్రు మిగిలింది.
కుందేలు వెళ్ళిపోయింది, ఎవరూ వెతకలేదు.
రెండో గొట్టాన్ని లెక్కల విభాగం కొట్టేసింది.
"వినడం చికిత్స కాదు" అని
ఎర్ర సిరాతో, తప్పుల్లేకుండా.
నేను రెండుసార్లు వాదించాను.
మూడోసారి వాదించలేదు.

ఆమోద పత్రంలో డిజైనర్ అనే గడి ఉంది.
పద్దెనిమిది నిండినవారే పూరించాలి.
నేనే సంతకం పెట్టాను.
నా సంతకం బాగుంటుందని అందరూ అంటారు.

అచ్చు పోసే ముందు రోజు
అడుగున, మూడు మరల మధ్య,
గోరంత చెవి చెక్కించాను.
తనిఖీవాళ్ళు అడిగితే తయారీ గుర్తు అన్నాను.
అమ్మేవాళ్ళకు కనపడదది,
కొనేవాళ్ళకు కనపడదు.
పడుకుని చూడాలి.