చింతగింజలో ప్రాణం

లెక్కల టీచర్ని నేను.
తాళమంటే నాకు
మూడూ నాలుగూ కలిస్తే ఏడు, అంతవరకే.
సంగీతం పోస్టు ఖాళీ అయి పదకొండేళ్లు,
వార్షికోత్సవానికి నెలన్నర,
హెడ్మాస్టరు గారు నా వైపే చూశారు.

సీతాఫల్‌మండిలో మా బడి గోడ వెనకే రైలు పట్టాలు.
అందుకని మా రాజ్యంలో మొదటి శాసనం:
లింగంపల్లి బండి వస్తే పాట ఆగాలి.
చెయ్యెత్తిన రాజు ఎత్తినట్టే ఉండాలి,
చెలికత్తె కన్నీరు బుగ్గ మీదే నిలబడాలి,
ఆఖరి పెట్టె దాటాక
ఆపిన అక్షరం నుంచే అందుకోవాలి.
పది రోజులకల్లా అది తాళంలో కలిసిపోయింది.
రైలు ఆలస్యమైన రోజే పిల్లలు తప్పారు.

కథ మేమే అల్లుకున్నాం, తొమ్మిదో తరగతి బీ సెక్షను,
మధ్యాహ్నం పళ్లేలు కడుక్కున్నాక.
ఒక రాక్షసి ఊళ్లో జోలపాటలన్నీ ఎత్తుకుపోయింది.
ఊరికి నిద్ర లేదు.
రాక్షసి ప్రాణం చింతగింజలో ఉంది.
"చిలకలో ఎందుకు లేదు మేడమ్?"
చిలకను తెస్తే అటవీశాఖ వాళ్లు పట్టుకుంటారురా.

నిఖత్ తన పాటను ఉర్దూ లిపిలో రాసుకుంది,
కుడి నుంచి ఎడమకు పరుగెత్తే తెలుగు.
ప్రభుదాస్ వాళ్ల చర్చి కీబోర్డు మోసుకొచ్చాడు.
రెండు మీటలు పలకవు,
ఆ రెండు స్వరాలూ లేనిదే మా రాగం.
పెళ్లికార్డుల బంగారు కాగితం కిరీటమైంది,
లోపలివైపు ఇంకా ఎవరిదో సుముహూర్తం.

రాక్షసి వేషం ఎవరికీ వద్దు.
ఆఖరి బెంచీలోంచి బానోత్ జమున లేచింది,
ఒత్తులు తప్పుతాయని భయం,
హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప
ఏడాదిగా నోరు విప్పని పిల్ల.
"కొమ్ములు పెద్దగ కావాలె" అంది.

రాజకుమారుడు ఎల్లేష్.
డిసెంబరులో వాడి గొంతు చెప్పాపెట్టకుండా మారింది.
పైస్థాయికి పోయినప్పుడల్లా
ఎవరో కొత్త మొగమనిషి మధ్యలో దూరి దగ్గుతున్నాడు.

ఆ రోజు, చివరి రంగం.
వెండిరంగు పూసిన గింజను
రాజకుమారుడు వేళ్ల మధ్య ఎత్తి చూపాలి, నలిపెయ్యాలి.
చేతికి చెమట.
గింజ జారి, వేదిక అంచున ఒక్క గెంతు గెంతి,
ముందు వరుస చీకట్లో పడింది.

ఎల్లేష్ కిరీటం చంకలో పెట్టుకుని కిందికి దూకాడు.
పైన జమున చావడానికి సిద్ధంగా మోకాళ్ల మీద ఉంది.
చావు రావడం లేదు.
వచ్చేదాకా పాడమని నేనే చెప్పాను కదా, పాడుతూనే ఉంది.
మేం రాసిన రెండు చరణాలూ అయిపోయాయి.
ఇప్పుడేం పాడుతుందా అని
తెర చాటున నా ఊపిరి నా దగ్గర లేదు.
వాళ్ల యాడి భాషలో అందుకుంది,
తండాలో ఎవరెవరినో ఊపి ఊపి నునుపెక్కిన పాట.
ఒక్క మాటా నాకు తెలియదు.
మూడూ నాలుగూ ఏడు, అది మాత్రం తెలిసింది.

కింద ఆరో తరగతి బుడ్డోడొకడు
పిడికిలి బిగించి కూర్చున్నాడు.
"ఇయ్‌రా."
"ఇయ్య."
"ఇయ్యకుంటె కథ అయిపోదురా!"
"ఇస్తే గామె సచ్చిపోతది."

లింగంపల్లి బండి వచ్చింది.
ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం:
వాడి పిడికిలి, ఎల్లేష్ చాచిన చెయ్యి,
జమున తెరిచిన నోరు.
ముఖ్య అతిథి కూడా, ఎందుకో,
నీళ్లసీసా పెదాల దగ్గరే ఆపేశారు.
పెట్టెలు లెక్కపెట్టడం నా అలవాటు.
ఆ సాయంత్రం లెక్క తప్పాను.

బండి దాటింది.
ఆపిన అక్షరం నుంచే జమున అందుకుంది.
తెర దించే తాడు నా చేతిలోనే ఉంది.
ఎప్పుడు దించానో గుర్తులేదు.

మర్నాడు ఎల్లేష్ అడిగాడు,
"మేడమ్, నేను గెల్చిన్నా, ఓడిన్నా?"
జవాబు చెప్పక హాజరు పట్టీ తెరిచాను.
బానోత్ జమున, అన్నాను.
"ఉన్న మేడమ్."