ఎనభై ఒక్క మిల్లీగ్రాములు

బారి రేవు ఆసుపత్రి, నేల కింది గది.
గాజు గూటి ముందు కూర్చుంటాను,
చేతులకు రెండేసి తొడుగులు, ముఖానికి మాస్కు.
నా పని మందులు కలపడం.

మనుషులు నా దగ్గరికి చీటీలై వస్తారు.
ఈరోజు మూడో చీటీ:
అద్దొలొరాతా, అరవై మూడేళ్ళు.
రొమ్ములో మొదలై కాలేయం దాకా నడిచింది.
ఒంటి వైశాల్యం ఒకటి పాయింట్ ఆరు రెండు చదరపు మీటర్లు.
అంటే ఒక తలుపు రెక్కంత మనిషి.

ఎర్రమందు ఎనభై ఒక్క మిల్లీగ్రాములు.
దాని పేరులో మా సముద్రం ఉంది.
ఇక్కడికి గంట దూరంలో, పాతకోట దాపున,
పిడికెడు మట్టిలో దొరికిందట ఈ ఎరుపు.
రెండోది నీళ్ళలా ఉంటుంది,
ఎక్కడో చలికొండల చెట్టు బెరడులో పుట్టింది.
ఒకటి వీధి గుమ్మంలో, ఒకటి పెరటి గుమ్మంలో
దొంగకు కాపు కాసినట్టు.
రెంటినీ ఒకే సంచిలో పోయను.
కలపడం నా పని అన్నాను గానీ
అవి కలిసేది ఆమెలోనే.

మూడు వారాలకు డెబ్బై తొమ్మిది.
ఇంకో మూడు వారాలకు డెబ్బై ఏడు.
తలుపు అంచుకు ఎవరో చిత్రిక పడుతున్నారు.

ఒక శనివారం రేవులో
ఆక్టోపస్‌ను రాతికేసి బాదుతున్నవాడు తలెత్తి
"అద్దొలొరాతా! తింటావా, వాసన చూసి పోతావా?"
అని కేకేశాడు.
తలకు ఆకుపచ్చ గుడ్డ. పెన్సిల్‌తో గీసుకున్న కనుబొమలు,
ఒకటి కాస్త పైకి.
"నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టుందిరా ఇవాళ.
బుధవారానికి తూచి ఉంచు."

ఆమె బరువు నాకు తెలుసు. తెల్లకణాల లెక్క తెలుసు.
గొంతు అంత బొంగురని తెలీదు.
పలకరించలేదు. ఏమని పలకరించను?
చిల్లర తీసుకోకుండానే వచ్చేశాను.

ఏడో చీటీలో ఎరుపు లేదు.
గుండెకు జన్మకింత అని ఒక కొలత ఉంది,
అది దాటితే మందే గండం.
రెండోది ఒక్కటే ఇవ్వమని రాశాడు డాక్టర్ పాలుంబో.
నయమవుతుందని ఏ చీటీలోనూ రాయలేదు.

వైశాల్యం గడి దగ్గర ఆగాను:
ఒకటి పాయింట్ ఐదు ఐదు.
పోయినసారి, ఐదు నాలుగు.
పెరిగింది అరచేయంత.

బుధవారం తిన్నదన్నమాట.

సిరంజిలో చిక్కిన బుడగ పైకి తేలేదాకా
వేలితో తడుతూ కూర్చున్నాను,
అవసరమైన దానికన్నా కాసేపు ఎక్కువగా.