ఆరో పీరియడ్

జూన్ నెల, చిత్తూరు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై
ఊళ్ళోకి తోకలా పాకిన ట్రాక్టర్ల వరసలో
తోతాపురి కాయలు నిలబడే మాగిపోతున్నాయి.
కిటికీ మూసినా ఆగని ఆ పులితీపి వాసనలో
బోర్డు మీద రాశాను:
వలసల కాలపు అమెరికాలో క్రైస్తవం. పది మార్కులు.

గెస్టు లెక్చరర్ని. గంటకింతని లెక్క.
ఆ గంటలోనే ముప్పై ఒక్క మందిని
సముద్రం దాటించాలి.

దాటించాను.
రాజు చెప్పిన ప్రార్థన మాకొద్దని ఓడెక్కినవాళ్ళను
చలిగాలి కోసే ఒడ్డున దించాను.
కొయ్యతో ప్రార్థన ఇల్లు కట్టించాను,
లోపల పొయ్యి లేదు, బొమ్మ లేదు, శిలువ కూడా లేదు.
ముందు బల్ల ఎవరిది, వెనక బల్ల ఎవరిదని మాత్రం
ఆస్తి చూసి, వయసు చూసి, పరువు చూసి
కమిటీ వేసి తేల్చుకున్నారు.
"మా ఊరి పెండ్లి బంతి మాదిరి" అన్నాడు హేమాద్రి.
రాసుకో అన్నాను.
వాడు నిజంగానే రాసుకున్నాడు.

స్వేచ్ఛ కోసం వచ్చినవాళ్ళే
వేరే మాట చెప్పినామెను ఊరి బయటకు నెట్టారు.
ఇంకో వందేళ్ళకు, గుర్రాల మీద తిరిగే బోధకులు
పొలాల్లో నిలబడి గొంతు చించుకుంటే
చదువురానివాళ్ళు, ఆడవాళ్ళు, నల్లవాళ్ళు
ఎవరో తమను పేరు పెట్టి పిలిచినట్టు ఏడ్చారు.
ఇది తప్పకుండా వస్తుంది, అండర్‌లైన్ చేసుకోండి.

మధ్యలో ఒక సంవత్సరం ఉంది.
పదహారు వందల అరవై ఏడు, వర్జీనియా.
పొగాకు తోటల దొరలకు ఒక దిగులు పట్టుకుంది:
బానిసకు బాప్తిస్మమిస్తే తోటి విశ్వాసి అవుతాడే,
తోటి విశ్వాసిని ఎట్లా కట్టేసుకునేది?
సభ కూర్చుని దిగులు తీర్చింది.
నీళ్ళు ఆత్మకే.
ఒళ్ళు యజమానిదే.

మూడో బెంచీలో బంగారుపాళెం చాందిని లేచింది.
"అయితే సార్, ఆ నీళ్ళతో వానికి ఏమొచ్చె?"

సిలబస్‌లో లేదు అనబోయాను.

మా అవ్వ కుప్పమ్మ.
పలమనేరు దగ్గరి ఊర్లో, ఇత్తడి గిన్నెలోంచి
మూడు మార్లు నీళ్ళు చిలకరిస్తే రిబ్కా అయ్యింది.
మర్నాడు చెనిక్కాయల చేలో కలుపు తీస్తా ఉంటే
"ఏమే కుప్పీ" అనే పిలిచినారు.
దాహమంటే ఎప్పటిలాగే
ఎత్తు నుంచి దోసిట్లోకి పోసినారు.
చర్చిలోనూ ముందు చాప
ముందే చేరినవాళ్ళది.

నన్ను బళ్ళో వేసేటప్పుడు
మా నాయన రెండు మార్లు దగ్గి
"మునిరత్నం" అని చెప్పినాడు.
ఆదివారాలు మాత్రం నేను సమూయేలును.
అక్కడి చట్టం, నీళ్ళు ఏదీ మార్చవని రాసుకుంది.
ఇక్కడి కాయితం, నీళ్ళు తగిలితే
కులమే కడుక్కుపోతుందని రాసుకుంది.
ఊరికి మాత్రం ఆ కబురు ఇంకా చేరలేదు.

ఇవేవీ చెప్పలేదు పిల్లలకు.
ఇంకోటి చెప్పాను.
పదిహేడు వందల ఇరవై మూడులో
ఆ వర్జీనియాలోనే బాప్తిస్మం పొందిన బానిసలు
లండన్ బిషప్పుకు ఒక ఉత్తరం రాశారు.
మమ్మల్ని విడిపించండి,
మా బిడ్డలకు అక్షరాలు నేర్పించండి అని.
కింద పేర్లు పెట్టలేదు.
పెడితే ఉరికొయ్యకు వేలాడతామని
అది కూడా ఉత్తరంలోనే రాశారు.

"జవాబు వచ్చిందా సార్?"
తెలీదమ్మా.
"ఒక్క పేరు కూడా లేదా?"
లేదు.

అవ్వకు ఏమొచ్చిందంటే,
నలభై దాటినాక అక్షరాలొచ్చినాయి.
జనాభా లెక్కలాయన వేలిముద్ర అడిగితే
పెన్ను లాక్కుని
రి రాసి, చాలాసేపు ఆగి,
బ్కా రాసింది.
ఒత్తు తలకిందులైంది.

బెల్లు కొట్టారు. పిల్లలు ట్రాక్టర్ల వాసనలోకి పోయారు.
స్టాఫ్ రూంలో రిజిస్టరు తెరిచి ఉంది.
మూత తీసిన పెన్నుతో ఎంతసేపు నిలబడ్డానో,
అటెండరు దొరస్వామి వక్క నములుతా అడిగినాడు:
"ఏం సార్,
పేరు మర్చిపోయినారా?"